శుభం కార్డు పడని సినిమా!

ఇంటర్వెల్‌కి ముందు ఎవడు మీసం మెలేసి విరగబడి నవ్వుతాడో, క్లైమాక్స్‌లో వాడే మట్టి కరుస్తాడని నేల టికెట్టు కుర్రాడికి కూడా తెలుసు. మరి హాలు బయటికొచ్చాక ఆ కుర్రాడే ఆ సంగతి ఎందుకు మర్చిపోతాడండీ?

2024 జూన్ 4న, అంటే ఓట్ల లెక్కింపు నాడు, నేను పెనుగొండలో ఉన్నాను. మధ్యాహ్నానికే బాణాసంచా, డప్పులు, బైకుల ఊరేగింపు! గెలిచినవాళ్లు పండగ చేసుకోవడంలో తప్పేముంది? కానీ ఆ ఊరేగింపు ఓడిన పార్టీ మనిషి గుమ్మం ముందు ఆగి పావుగంట కదల్లేదు. లోపల తలుపేసుకున్న పెద్దమనిషి 2019లో చేసిన ఘనకార్యమూ ఇదేనట! "అప్పుడు మా నాన్నని ఏడిపించాడండీ. వడ్డీతో సహా తీర్చేశాం" అన్నాడో కుర్రాడు. తీరా చూస్తే ఇద్దరి చేలకీ నీళ్లొచ్చే బోదె ఒక్కటే! సార్వా నాట్లప్పుడు నీళ్ల వంతు ఎవరు ఎవర్ని అడగాలి?

పెద్దలు మాత్రం తక్కువ తిన్నారా? 2019లో తెలుగుదేశానికి 23 సీట్లొస్తే, తమ దగ్గర్నుంచి లాక్కున్నది 23 మంది ఎమ్మెల్యేలనే కనుక అది దేవుడు రాసిన స్క్రిప్టని జగన్‌గారు చమత్కరించారు. అప్పుడు ఆయనకు 151. అయిదేళ్లు తిరిగేసరికి 11! '151లో నడుమ 5 జారిపోయింది' అని అవతలివాళ్లు ఆడిపోసుకున్నారు.

మన తారల సంగతి చూడండి. 1983లో ప్రభంజనం సృష్టించిన ఎన్టీఆర్ 1989లో కల్వకుర్తిలో ఓడిపోయారు. అదే ఏడాది ఏలూరులో ఎంపీగా గెలిచిన కృష్ణ 1991లో అక్కడే ఓడారు. మొగల్తూరు బిడ్డ చిరంజీవి 2009లో సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడితే ఎన్ని ఎకసెక్కాలు! 2019లో భీమవరం, గాజువాక రెండుచోట్లా ఓడిన పవన్ కల్యాణ్‌ని అసెంబ్లీ గేటు కూడా తాకలేడన్నారు. 2024లో ఆయన పిఠాపురంలో 70 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 'పిఠాపురం ఎమ్మెల్యే గారి తాలూకా' అని బైకుల నంబరు ప్లేట్లే మారిపోయాయి!

క్రికెట్లోనూ ఇదే అప్పు, ఇదే వడ్డీ. 2002 ఫిబ్రవరిలో వాంఖడేలో గెలిచి ఫ్లింటాఫ్ చొక్కా విప్పి తిరిగాడు. జూలైలో లార్డ్స్‌లో యువరాజ్, కైఫ్ 326 లక్ష్యాన్ని దాటించగానే మన గంగూలీ బాల్కనీలో చొక్కా విప్పి గిరగిరా తిప్పాడు. మనం ఈలలేశాం. నిజమే, నేనూ వేశాను!

అయితే మన తెలుగమ్మాయి పి.వి. సింధు దారి వేరు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో ఓడిపోయింది తాను. గెలిచిన కరోలినా మారిన్ కోర్టు మీద పడి ఏడుస్తుంటే, దగ్గరికెళ్లి కౌగిలించుకుని, ఆమె రాకెట్టు తీసి పక్కన పెట్టింది. ఓడినమ్మాయికే అంత మనసుంటే, గెలిచినవాడికి ఎంతుండాలి గురూ?

సినిమా శుభం కార్డుతో ఆగుతుంది. ఆటకీ, రాజకీయానికీ ఆ కార్డు లేదు. ఎప్పుడూ ఇంటర్వెల్లే!

అందుకే అభిమాన సోదరులారా! మీ హీరో బొమ్మ హిట్టయితే కాగితాలు చల్లండి, పాలాభిషేకాలు చేయండి. పక్క హీరో పోస్టరు మీద పేడ మాత్రం కొట్టకండి. వచ్చే శుక్రవారం మీవాడి పోస్టరు అంటించేదీ ఆ గోడకే!