ఇంటికి టీవీ: ఎన్ని అంగుళాలది?

మన హాస్టల్లో చదివి ఉద్యోగంలో చేరినవారిలో చాలామందికి మొదటి కోరిక ఇంటికి టీవీ. మొగుడంపల్లి నుండి జహీరాబాద్ పోయి షాపులో నిలబడితే, ఆ పెద్ద హాలులో 32 అంగుళాలది చిన్నగానే కనబడుతుంది. అందుకే ముందు ఇంట్లో టేపు పట్టాలంటాం మేము.

అంగుళాలంటే వెడల్పు కాదు మిత్రులారా, తెర ఒక మూల నుండి ఎదుటి మూలకు కొలత. 32 అంగుళాల తెర వెడల్పు సుమారు 71 సెంటీమీటర్లు, ఎత్తు 40. 43 అంగుళాలదైతే వెడల్పు 95. చూసే దూరం ఈ అంగుళాలకు ఒకటిన్నర నుండి రెండున్నర రెట్లుంటే కంటికి హాయి. మన ఇళ్ళలో తినేది, పడుకునేది, తమ్ముడు చదివేది ఒకే గదిలో. గోడకు, మంచానికి మధ్య ఆరడుగులుంటే గొప్ప. దానికి 32 చాలు. ఎనిమిది అడుగులుంటే 43 చూడవచ్చు.

32 దాటిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22న 28 శాతం నుండి 18కి తగ్గింది. అయినా పెద్దదానికి వాయిదాలు కట్టేకన్నా ఆ మిగులు చెల్లెలి ఫీజుకు పనికొస్తుంది.

నమ్మకం కుదరకపోతే పాత పేపర్లు అతికించి, 71కి 40 కత్తిరించి గోడకు అంటించండి. మంచం మీది నుండి నాయనమ్మను చూడమనండి.