చూపు తక్కువ పిల్లలకు జూడో

మా చిన్నమ్మాయికి చూపు బాగా తక్కువ. కరాటే క్లాసుకి తీసుకెళితే "దెబ్బ తగిలితే ఎవరమ్మా బాధ్యత?" అని పంపేశారు. మీకూ అలా ఎదురైతే జూడో సంగతి కనుక్కోండి. చూపులేనివారి జూడోలో ఒకరి కోటు ఒకరు పట్టుకున్నాకే ఆట మొదలు. ఎదుటివారి కదలిక చేతికే తెలిసిపోతుంది. పైగా మొదట నేర్పేది దెబ్బ తగలకుండా పడటం. గడప తగిలి పడే పిల్లలకి అంతకన్నా ఏం కావాలి చెప్పండి! 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మన కపిల్ పర్మార్ కంచు పతకం తెచ్చింది ఈ ఆటలోనే.

ముందు కంటి డాక్టరుని తప్పక అడగండి. రెటీనా బలహీనంగా ఉంటే కుదుపులు మంచివి కావు. తర్వాత ఒకరోజు క్లాసులో కూర్చోండి. మాస్టారు "ఇలా చెయ్యి" అని ఊరుకుంటున్నారా, చెయ్యి పట్టుకుని నేర్పుతున్నారా చూడండి. ఫీజు మాట ఆ తర్వాతే.