సాలూరు వార్డు సచివాలయంలో ఆ కుర్చీ పని ఏమిటి?

సాలూరు పట్టణంలో ఇంటి పన్ను లెక్క తేలాలన్నా, దరఖాస్తు ఎక్కడ ఆగిందో తెలియాలన్నా ముందు వెళ్లేది వార్డు సచివాలయానికే. "ఏటండీ, నా కాగితం ఏటయ్యింది?" అని జనం నిలదీసేది అక్కడ కూర్చునే వార్డు అడ్మినిస్ట్రేటివ్ సెక్రటరీని. పేరు పెద్దదే గానీ, పని చూస్తే పాత మున్సిపల్ గుమాస్తాకు ఈనాటి రూపం.

ఈ సచివాలయాలు 2019 అక్టోబర్ 2న మొదలయ్యాయి. పట్టణాల్లో సుమారు 4 వేల జనాభాకు ఒకటి చొప్పున పెట్టారు. ఒక్కో సచివాలయంలో పారిశుద్ధ్యం, ప్లానింగ్, సంక్షేమం, ఆరోగ్యం లాంటి వాటికి వేర్వేరు సెక్రటరీలు ఉంటారు. వాళ్లందరి పనిని కలిపి నడిపించేది అడ్మినిస్ట్రేటివ్ సెక్రటరీ. హాజరు, ఫైళ్లు, పన్ను వసూలు, అర్జీలు, పై ఆఫీసు అడిగే రిపోర్టులు అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి. కుర్చీ పని అనుకుంటారు గానీ సగం రోజు వీధుల్లోనే గడుస్తుంది. 2024 జూలై నుంచి పింఛన్లు ఇంటింటికీ తీసుకెళ్లి ఇచ్చే పని కూడా సచివాలయ సిబ్బందిదే.

ఒక సంగతి గమనించాలి. దరఖాస్తు, హాజరు, వసూలు, బకాయి, రసీదు, మంజూరు, నకలు, తనిఖీ... ఆఫీసులో రోజూ పలికే ఈ మాటలన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. మాటలు ఇంట్లోవే అయినా ఆ ఆఫీసు మాత్రం చాలా ముస్లిం కుటుంబాలకు పరాయిగానే ఉంటుంది. దాని ఖర్చు ఎక్కువగా పేర్ల దగ్గర పడుతుంది.

సాలూరు లారీల ఊరు. ఒడిశా వైపు ఘాట్ రోడ్డు ఎక్కే ముందు వచ్చే పట్టణం. ఇక్కడ ఒక లారీ డ్రైవర్ ఇల్లు అనుకుందాం. తండ్రి లోడుతో రాయపూర్ దారిలో ఉన్నాడు. బిడ్డ విజయనగరం ఆసుపత్రిలో పుట్టింది. అఖీఖా ఏడో రోజున. ఆసుపత్రి వాళ్లు ఆలోపే వివరాలు పంపేశారు కాబట్టి రిజిస్టర్‌లో బిడ్డ పేరు ఖాళీ. తల్లి పేరు ఆధార్‌లో "షేక్ ఫాతిమా బీ", రేషన్ కార్డులో "ఎస్.కె. ఫాతిమా", ఆసుపత్రి చీటీలో "ఫాతిమా బేగం". మనిషి ఒక్కరే, కాగితాల మీద ముగ్గురు.

ఇలాంటప్పుడు పని తెలిసిన సెక్రటరీ మొదట చెప్పేది ఇదే. జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. కాబట్టి ఆ సర్టిఫికెట్ సాలూరు మున్సిపాలిటీది కాదు, విజయనగరానిది. నమోదుకు గడువు 21 రోజులు. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు కావాలి. పేరు లేకుండా నమోదైతే 12 నెలల్లోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. తప్పు పడితే పాత రాతను కొట్టేయరు. అది అలాగే ఉంటుంది, సవరణను పక్కన మార్జిన్‌లో రాసి రిజిస్ట్రార్ సంతకం చేస్తారు.

"ఏముందిలే, బడిలో చేర్చేటప్పుడు చూసుకుందాం" అనే రోజులు పోయాయి. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీన గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్లకు బడి, డ్రైవింగ్ లైసెన్స్, ఓటరు జాబితా, నికాహ్ రిజిస్ట్రేషన్, సర్కారు ఉద్యోగం అన్నింటికీ పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు రుజువు ఈ సర్టిఫికెట్టే. అందుకే ఆసుపత్రిలో ఫారం నింపేటప్పుడే తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా రాయించడం మేలు.

ఇంటి పన్ను కూడా ఈ బల్ల దగ్గరిదే. 2021 నుంచి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూల విలువ మీద లెక్కిస్తున్నారు. ఏప్రిల్ 30లోగా ఏడాది మొత్తం కడితే 5 శాతం రాయితీ. తండ్రి పోయాక కూడా ఏళ్ల తరబడి ఆయన పేరు మీదే పన్ను కడుతూ ఉండిపోయే ఇళ్లు ఉంటాయి. రసీదు వస్తోంది కదా అని ఊరుకుంటారు. అన్నదమ్ములు వేరుపడే రోజున తెలుస్తుంది పేరు మార్పిడి ఎంత అవసరమో.

మరి ఈ ఉద్యోగంలోకి ఎలా వెళ్తారు? ఏదైనా డిగ్రీ ఉంటే చాలు. పెద్ద ఎత్తున భర్తీ రెండుసార్లు, 2019లో, 2020లో జరిగింది. పరీక్ష 150 మార్కులకు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. మొదట్లో నెలకు 15 వేల రూపాయలే. 2022లో ప్రొబేషన్ ఖరారయ్యాక 23,120 నుంచి మొదలయ్యే స్కేలు వచ్చింది. ఇది కాక మున్సిపల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరేందుకు గ్రూప్-4 దారి ఉంది. గ్రేడ్-3 మున్సిపల్ కమిషనర్ అయితే గ్రూప్-2 ద్వారా.

రిజర్వేషన్ విషయంలో ఇళ్లల్లో గందరగోళం ఎక్కువ. 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ కింద 4 శాతం. షేక్, ఖురేషీ, ఫకీర్, లబ్బీ వంటి వర్గాలు అందులో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ అందులో లేరు. దూదేకుల, నూర్‌బాషా వాళ్లది బీసీ-బి. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లినా, 2010 మార్చిలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఈ కోటా కొనసాగుతోంది. కుల ధ్రువపత్రం తహసీల్దార్ ఇస్తారు, దరఖాస్తు మాత్రం సచివాలయంలోనే తీసుకుంటారు. నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తే కంటే ముందే తీసి పెట్టుకోవడం నయం. దాని మీద పేరు టెన్త్ సర్టిఫికెట్‌తో కలవకపోతే చిక్కు మళ్లీ అక్కడే మొదలవుతుంది.

పరీక్ష నెగ్గిన పిల్లలకు ఆ తర్వాత అసలు కష్టం తెలుగు రాయడంలో ఎదురవుతుంది. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు. అర్జీ చదివి నాలుగు వరుసల్లో తెలుగులో నోట్ రాయమంటే కలం ఆగిపోతుంది. దానికి కోచింగ్ అక్కర్లేదు. రోజూ పేపర్ చదివి, ఇంట్లో వచ్చిన ప్రతి నోటీసుకు జవాబు తామే రాస్తే ఆరు నెలల్లో చెయ్యి తిరుగుతుంది.