గోడకు నారచీర



శ్రీరాముడు వనమున కేగునపుడు నారచీర ధరించెనని మనమందఱము బాల్యమునుండి వినుచున్నాము. చెట్టుబెరడు మనుష్యునకు వస్త్రమైనట్లే యింటిగోడకును వస్త్రము కాగలదు.

అమెరికా దేశమున ఉత్తర కెరొలినా కొండలలో, 1890 దశకమున హెన్రీ బేకన్ అను వాస్తుశిల్పి చెస్ట్‌నట్ అను వృక్షపు బెరడును పెంకులవలె కోయించి యిండ్ల వెలిగోడలకు కప్పించెను. చెట్టున రసము పొంగు ఋతువునందు బెరడు సులువుగా నూడును. దానిని బల్లపరుపుగా నదిమి యారబెట్టి, పైవరుస క్రిందివరుసను కప్పునట్లు బిగింతురు. 1904లో న్యూయార్కు నగరమున బయటపడిన బూజుతెగులు ఆ జాతి వృక్షములను కోట్లకొలది నాశనము చేసెను. ఇప్పుడచ్చటివారు ట్యులిప్ పాప్లర్ అను చెట్టు బెరడును వాడుచున్నారు. అదియు కలపకై కొట్టిన చెట్లనుండియే తీయుదురు.

ఏలయన, నిలిచియున్న చెట్టునకు చుట్టును బెరడొలిచినచో, ఆకులలో తయారైన యాహారము వేళ్లకు దిగు మార్గము తెగి చెట్టు చచ్చును. కావున మన వేపలను, మద్దులను ఒలువుడని నేను చెప్పను. మన సీమలో నంతకన్న సాధువైన యుపాయము కలదు.

ఏలూరునుండి తాడేపల్లిగూడెమునకు రైలులో పోవునపుడు చేలగట్లపై తాళ్లు కనబడును. మొవ్వును ముట్టక క్రిందియాకులు కోసినచో తాడికి చేటులేదు. కొల్లేటి యంచుగ్రామములవారు జమ్మును, కిక్కిసను తడికలు కట్టిరి. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది గనుక, అందు కోయుటకు ముందు అటవీశాఖవారి నడుగవలెను.

నేను క్రొత్తగా పంతులునైన దినములలో మా పడమటి మట్టిగోడకు ఆకు కట్టింపక యుపేక్షించితిని. మూడుదినముల ముసురునకు అది యర్ధరాత్రమున కూలెను. పిల్లలు తూర్పువసారాలో పరుండుటచే బ్రదికిరి. మఱునాడు వచ్చిన ముసలి పనివాడు శిథిలములను చూచి, “పంతులుగారూ, గోడ తలనుండి పడలేదు, కాళ్లనుండి పడినది” అనెను. అతడు నేర్పిన విధము చెప్పెదను.

మొదట గోడకు బెత్తెడెడముగా వెదురుబద్దలు కట్టవలెను; ఆ సందున గాలియాడి తడి యాఱును. ఆకును నేలకు తగులనీయక, జానెడెత్తున మొదలిడి క్రిందినుండి పైకి కట్టుకొనిపోవలెను, లేనిచో చెదలెక్కును. ప్రతి వరుసయు క్రిందిదానిపై సగము వ్రాలవలెను. పొయ్యియున్న గోడకు మాత్రము కట్టరాదు. మృగశిరకు ముందు కట్టి, వానలు వెడలినపిదప విప్పినచో వేసవి యగ్నిభయము తగ్గును, విప్పినయాకు చేనికెరువగును.

నేడు సిమెంటుగోడలు పెరిగినవి. వానికి వానభయము తక్కువయైనను, పడమటియెండకు కాగు గోడకు ఈ యాకే నీడ. పశువులపాకకును, పాతమట్టిగోడకును ఇదియే కవచము.

పెద్దలారా, మీ యూరిలో ఈ పని యెఱిగిన చేతులెన్ని మిగిలినవో లెక్కింపుడు. ఈ యేడు ఒక కుఱ్ఱవానిని ప్రక్కన నిలిపి, ఒక్కగోడకైనను కట్టింపుడు. ఆకు కోయుడు, తాడిని కొట్టకుడు.