అమాల్ మోనోబ్లాక్ కార్బురేటరు పునరుద్ధరణ

అమాల్ మోనోబ్లాక్ అనునది 1950వ దశకం మధ్యలో వెలువడి, బ్రిటిష్ మోటారుసైకిళ్ళలో విరివిగా వాడబడిన కార్బురేటరు. ట్రయంఫ్, బి.ఎస్.ఏ., నార్టన్, రాయల్ ఎన్‌ఫీల్డ్ వాహనాలకు దీనిని అమర్చేవారు. పెట్రోలును గాలితో తగుపాళ్ళలో కలిపి ఇంజనుకు అందించుట దీని పని. పాత వాహనాన్ని కర్మాగారం నుండి వెలువడిన నాటి స్థితికి తీసుకురాదలచినవారు దీనిలో సరియైన విడిభాగాలనే వాడవలసి ఉంటుంది.

చరిత్ర

అమాక్, బింక్స్, బ్రౌన్ అండ్ బార్లో అను మూడు సంస్థల కలయికతో బర్మింగ్‌హామ్‌లో అమాల్ ఏర్పడినది. అంతకుముందరి అమాల్ నమూనాలలో ఫ్లోటు గది విడిగా ఉండేది. మోనోబ్లాక్‌లో అది ప్రధాన భాగంతో కలిపి ఒకే పోతగా పోయబడినది. పేరు అందువలన వచ్చినదే. 1967లో కాన్సెంట్రిక్ అను నమూనా దీని స్థానంలోకి వచ్చినది. 2003 నుండి అమాల్ పేరు బర్లెన్ సంస్థ అధీనంలో ఉన్నది. విడిభాగాలు నేటికీ తయారవుతున్నాయి.

అంకెల ప్రాముఖ్యం

కార్బురేటరుపై 376 వంటి ఒక సంఖ్య, ఏటవాలు గీత, ఆపై మరొక సంఖ్య ముద్రించబడి ఉంటాయి. మొదటిది పరిమాణాన్ని, రెండవది అది ఏ వాహనం కొరకు అమర్చబడినదో తెలుపును. ప్రధాన జెట్టుపై గల అంకె దాని గుండా పారే ఇంధన పరిమాణానికి గుర్తు. థ్రాటిల్ స్లైడుపై అంకె దాని కోతను అంగుళంలో పదహారవ వంతులలో సూచించును. కాబట్టి చూడటానికి ఒకేలా ఉన్న రెండు భాగాలు ఒకటి కావు. ప్రధాన జెట్టు చిన్నదైతే ఇంజను మితిమీరి వేడెక్కి పిస్టను దెబ్బతినవచ్చును.

పునరుద్ధరణ

దీని దేహం జింకు మిశ్రలోహం. ఇసుకతో రాపిడి చేయించినచో ముద్రించిన అంకెలు చెరిగిపోయే ప్రమాదమున్నది. తళతళలాడునట్లు మెరుగు పెట్టుట కూడ చాలామంది చేసే పొరపాటే. నీడిల్ జెట్టు రంధ్రం సూది రాపిడికి వెడల్పగును. కొత్తదానిలో ఇది సాధారణంగా 0.106 అంగుళాలు, అరుగుదల కంటికి కనబడదు గాని పెట్రోలు ఖర్చు పెరుగును. స్లైడు వదులైనపుడు కొత్తది వేసినంత మాత్రాన చాలదు, అది కదిలే గొట్టం కూడ అరిగి ఉండవచ్చును. బోల్టులు అతిగా బిగించుటచే వంగిన ఫ్లాంజి గుండా గాలి చొరబడి, ఇంజను నిలకడగా తిరగదు. అద్దంపై సన్నని ఎమరీ కాగితం పరచి దానిని సమం చేయుదురు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత ఫ్లోటులకు, గాస్కెట్లకు హాని చేయగలదు. దీనిని తట్టుకొను ఫ్లోటులు ఇప్పుడు లభించుచున్నవి. అవి నాటి పదార్థంతో చేసినవి కాకపోయినను, ప్రదర్శనకే గాక రోడ్డుపై నడుపుటకు ఉద్దేశించిన వాహనానికి వాటినే వాడుట మేలు. తీసిన పాతదానిని మాత్రం భద్రపరచవలెను.