వల గీసుకుంది ఒకదానికి, దాక్కున్నవి అయిదు

అమీర్‌పేట హాస్టల్ ఖాళీ చేసి పంజాగుట్ట ఫ్లాట్‌కి మారిన ఒక పాఠకుడి ఉత్తరం నా చేత ఈ నెల అనుకున్న వ్యాసాన్ని పక్కన పెట్టించింది. మెట్రోలో ఒక్క స్టేషన్ దూరం. ఆరు జీబ్రా డానియో చేపలను కవర్లో నీళ్లు పోసి తెచ్చాడు. పట్టేటప్పుడు ఒకదానికి వల గీసుకుని పొలుసులు ఊడాయి. దాన్ని తొట్టిలో వదిలీ వదలగానే మిగతా అయిదూ చెల్లాచెదురై, ఫిల్టర్ వెనక అడుగున బిగుసుకుపోయాయట. ‘దెబ్బ దానికి తగిలితే ఇవెందుకండీ దాక్కోవడం?’

క్లోరిన్ పోని కుళాయి నీళ్లు, కళ్లు చెదిరే లైటు, తరిమి కొట్టే రౌడీ చేప... చేపలు దాక్కోవడానికి ఈ కారణాలన్నీ దుకాణంవాళ్లే చెబుతారు. ఇక్కడి సంగతి వేరు. ఇది వాసన పని.

కార్ల్ ఫాన్ ఫ్రిష్ అంటే తేనెటీగల నాట్యాన్ని చదివి 1973లో నోబెల్ అందుకున్నాయన. 1938 నాటికే ఆయనకో వింత ఎదురైంది. గుర్తు కోసం చిన్న గాయం చేసిన మిన్నో చేపను తిరిగి వదిలితే గుంపంతా బెదిరిపోయింది. చేప చర్మం నూరిన నీళ్లు పోసినా అదే బెదురు. ఆ పదార్థానికి ‘ష్రెక్‌ష్టాఫ్’ అని పేరు పెట్టాడు. భయద్రవ్యం అనుకోండి.

అది పైచర్మంలోని కొన్ని కణాల్లో ఉంటుంది. వాటికి బయటికి దారి లేదు. చర్మం చిరిగితేనే సరుకు నీళ్లలో కలుస్తుంది. మరి అప్పటికే శత్రువు నోట్లో ఉన్న చేపకు దీనివల్ల ఒరిగేదేమిటి? తోటివాళ్లను హెచ్చరించే త్యాగమని మురిసిపోయినవాళ్లున్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ కణాలు అసలు క్రిముల నుంచి, పరాన్నజీవుల నుంచి చర్మాన్ని కాపాడుకోవడానికేనని ఇప్పుడు చాలామంది అంటున్నారు. పక్కింట్లో పాలు మాడితే మనకు తెలిసిపోతుంది, మనకు చెప్పాలని వాళ్లు మాడ్చరు కదా!

రసాయనం విషయంలోనూ తికమకే. దశాబ్దాలపాటు హైపోజాంథీన్-3-ఎన్-ఆక్సైడ్ అనే ఒక్క చిన్న అణువు మీదే అనుమానం. 2012లో సింగపూర్ పరిశోధకులు మన పాఠకుడి తొట్టిలోని జాతి మీదే ప్రయోగాలు చేసి, కాండ్రాయిటిన్ ముక్కలకూ ఇందులో వాటా ఉందన్నారు. కీళ్లనొప్పులకు మందుల షాపులో అమ్మే కాండ్రాయిటిన్ కుటుంబమే!

ఇంకో తమాషా. ఈ వాసన వచ్చేటప్పుడే ఎర్ర దీపం వెలిగిస్తే, ఆ తర్వాత ఒట్టి దీపానికే డానియోలు బెదురుతాయి. కాబట్టి రేపు వల కనిపించగానే ఆ ఆరూ మాయమైతే ఆశ్చర్యం లేదు.

ఉపయోగమా? ఈసారి ఇల్లు మారితే వల మానేసి గ్లాసుతో ముంచి పట్టండి. దాక్కునే చోటు కోసమని మెరిసే ప్లాస్టిక్ కోట మాత్రం కొనకండి, నాలుగు మొక్కలు చాలు.