ఇద్దరూ ఫిర్యాదు చేస్తే పోలీసులేం చేయాలి?

భర్త కొట్టాడని భార్య, భార్యే కొట్టిందని భర్త. ఒకే గొడవపై రెండు ఫిర్యాదులు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లో దీనికి ఉద్యోగ భయం కూడా తోడవుతుంది. రైల్వే ఉద్యోగి 48 గంటలకు మించి కస్టడీలో ఉంటే, 1968 నాటి క్రమశిక్షణ నిబంధనల ప్రకారం సస్పెండైనట్టే లెక్క.

ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

క్వార్టర్ రైల్వేదే అయినా ఇంట్లో జరిగిన హింసపై దర్యాప్తు ఆర్‌పీఎఫ్ పని కాదు. అది రాష్ట్ర పోలీసుల బాధ్యత.

రెండు కేసులు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఒకే ఘటనపై ఎదుటి పక్షం చెప్పే కథనాన్ని మరో ఎఫ్ఐఆర్‌గా నమోదు చేయడానికి అడ్డు లేదని ఉప్‌కార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2004లో చెప్పింది.

అయితే సెక్షన్లు ఒకటి కావు. భార్య పట్ల క్రూరత్వానికి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85 ఉంది. పాత 498ఏ ఇదే. శిక్ష మూడేళ్ల వరకు. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ కోరే హక్కు కూడా మహిళలకే ఉంది. భర్త ఫిర్యాదు గాయపరచడం వంటి సాధారణ సెక్షన్ల కిందికి వస్తుంది. స్వల్ప గాయమైతే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. తీవ్ర గాయమైనా, ప్రమాదకర ఆయుధం వాడినా నేరుగా కేసు పెట్టొచ్చు.

వెంటనే అరెస్టు చేస్తారా?

చేయాలని లేదు. ఇలాంటి కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని అర్నేష్ కుమార్ తీర్పు (2014) చెబుతోంది. అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు హాజరు కావాలని నోటీసు ఇవ్వాలి.

తప్పు ఎవరిది?

రెండు ఫిర్యాదులు ఉన్నంత మాత్రాన తప్పు చెరిసగం కాదు. దెబ్బను అడ్డుకోబోయి కొట్టినవారికి ఆత్మరక్షణ హక్కు ఉంటుంది. అందుకే గాయాల వైద్య నివేదిక, ఇరుగుపొరుగు సాక్ష్యం, ఫోన్ మెసేజ్‌లు, పాత ఫిర్యాదులు కీలకం. ఇద్దరినీ బైండోవర్ చేసి పంపేయడం స్టేషన్‌కు సులువే. కానీ ఏళ్లుగా దెబ్బలు తింటున్నవారు మళ్లీ స్టేషన్ మెట్లెక్కడానికి జంకుతారు.

బెంగాలీ చదవడం రానివారు ఒకటి గుర్తుంచుకోవాలి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక పోలీసులు చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. తాము చెప్పిందే రాశారని తేల్చుకున్నాకే సంతకం పెట్టాలి.